వార్డు ఇన్‌చార్జిలకు 2 రోజుల శిక్షణ: మొదటి రోజు బంగారం

గత నెల మా ఆసుపత్రి వాళ్లు వార్డు ఇన్‌చార్జిలం ఆరుగురిని విజయవాడలో 2 రోజుల శిక్షణకు పంపారు. కింది స్టాఫ్‌తో ఎలా మెలగాలి, కోపం వచ్చినప్పుడు ఏం చేయాలి అన్నది విషయం. మనిషికి 3,500 రూపాయలు. గుంటూరులో 11 ఏళ్లుగా ఇన్‌చార్జి సిస్టర్‌గా చేస్తున్నాను, కొత్తగా తెలిసేదేముంటుందిలే అనుకుంటూనే వెళ్లాను.

మొదటి రోజు ట్రైనర్ మేడమ్ తలా ఒక తెల్లకాగితం ఇచ్చి మధ్యలో గీత గీయమన్నారు. మీకు పొసగని స్టాఫ్ ఒకరిని తలుచుకుని, కంటితో చూసింది ఎడమవైపు, మనసులో అనుకున్నది కుడివైపు రాయమన్నారు. కుడివైపు నిమిషంలో నిండింది: పొగరు, లెక్కలేనితనం, పెద్దంతరం చిన్నంతరం లేదు. ఎడమవైపు ఎంతసేపు ఆలోచించినా ఒక్క వాక్యమే వచ్చింది: 'సెలైన్ దగ్గర ఉన్నప్పుడు పిలిస్తే పలకదు.' ఆ ఒక్క వాక్యం పట్టుకుని మూడు నెలలుగా ఆ అమ్మాయికి అందరికంటే ఎక్కువ నైట్ డ్యూటీలు వేశాను. కాగితం చూస్తుంటే గుండె కలుక్కుమంది.

ఎదుటివాళ్ల పరిస్థితి చూడకుండా అంతా వాళ్ల గుణమే అనుకోవడం అందరమూ చేసే పొరపాటేనట. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లీ రాస్ 1977లో దానికి పేరు పెట్టారని చెప్పారు. మనం ఆలస్యమైతే ట్రాఫిక్, స్టాఫ్ ఆలస్యమైతే బద్ధకం అంటాం చూడండి, అదే.

రెండో రోజు వేరే ట్రైనర్ వచ్చారు. జోహారీ విండో అని నాలుగు గళ్ల పటం చూపించారు. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హ్యారింగ్టన్ ఇంగమ్ తయారుచేసిందట. మన గురించి మనకు తెలియనిది, పక్కవాళ్లకు తెలిసింది కూడా అందులో ఒక గడి. ఆ గడి మాతో నింపించి ఉంటే ఎంత బాగుండేది! ఇంగ్లిష్ స్లైడ్‌లు చదివి ముగించేశారు. భోజనం బాగుంది.

తిరిగొచ్చాక నైట్ డ్యూటీ హ్యాండోవర్ కాగానే ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లాను. కొత్త సెలైన్ పెట్టి, చేతి వాచీని డ్రిప్ ఛాంబర్ పక్కకు తెచ్చి, పెదవులు కదుపుతూ చుక్కలు లెక్కపెడుతోంది. 500 ఎం.ఎల్. 8 గంటల్లో ఎక్కాలంటే మామూలు సెలైన్ గొట్టం సెట్‌లో నిమిషానికి 21 చుక్కలు పడాలి. నిమిషం ఆగాను. చుక్కల వేగం సరిచేసే రోలర్ కాస్త బిగించి, "చెప్పండి మేడమ్" అని తిరిగింది.

"పిలిస్తే పలకవేంటమ్మా?" అని అడిగాను.

"మధ్యలో పలికితే మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాలి మేడమ్. అయ్యాక చూస్తే మీరు వెళ్లిపోయి ఉంటారు."

నలుగురితో పని చేయించే వాళ్లెవరైనా ఈ శిక్షణకు వెళ్లండి. రెండో రోజు కూడా తెలుగులోనే చెప్పాలని డబ్బు కట్టే ముందే అడగండి. ఈ నెల రోస్టర్‌లో ఆ అమ్మాయికి నైట్‌లు అందరితో సమానంగా వేశాను. పాతవాటికి బదులు ఇవ్వాల్సిన ఆఫ్‌లు ఇంకా 4 ఉన్నాయి.