ఒంగోలు నుంచి నెల్లూరు: పొద్దున వెళ్ళి రాత్రికి ఇంటికి

ఒంగోలు నుంచి నెల్లూరుకు హైవే మీద దాదాపు 120 కిలోమీటర్లు. ఆరు వరుసల రోడ్డు, ఘాట్లు లేవు, తిన్నగా పోతే రెండు గంటల్లో చేరిపోతాం. అందుకే మావైపు చాలామంది "నెల్లూరేగా, ఎప్పుడు బయల్దేరితే ఏముందిలే" అనుకుని తొమ్మిదింటికి తీరిగ్గా కదులుతారు. దారిలో ఒక టిఫిను, ఒక టీ అయ్యేసరికి ఊళ్ళోకి పదకొండున్నరకి దిగుతారు. అప్పటికి గుళ్ళు మూసే వేళవుతుంది, ఎండ నెత్తినెక్కుతుంది, పార్కింగ్ దొరకదు. ఒక్కరోజు ప్రయాణానికి కిలోమీటర్ల లెక్క సరిపోదు. ఏ చోటు ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు అన్నది ముందు చూసుకుని, దాన్నిబట్టి ఇంట్లోంచి కదిలే టైము పెట్టుకోవాలి. ఈసారి ఏప్రిల్‌లో అత్తయ్యని, మామయ్యని తీసుకుని అలాగే వెళ్ళొచ్చాం. పెద్దవాళ్ళతో, ఎండాకాలంలో వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఐదున్నరకి ఇంటి ముందు కారు కదలాలి. ఆ టైముకి రోడ్డు చల్లగా, ఖాళీగా ఉంటుంది. చీమకుర్తి గ్రానైట్ దిమ్మెలు కట్టుకుని దక్షిణానికి పోయే లారీలు మాత్రం ఆ వేళప్పుడు కూడా ఉంటాయి. వాటి వెనకాల అంటుకుని పోవద్దు. నిదానంగా, దూరం పెట్టుకుని దాటుకోవాలి. టంగుటూరు దగ్గర ఒక టోల్, కావలి దగ్గర ముసునూరులో ఇంకో టోల్ తగులుతాయి. ఫాస్టాగ్‌లో డబ్బులు ముందురోజు రాత్రే చూసుకోండి. 24 గంటల్లోపు అదే టోల్ మీదుగా తిరిగి వస్తే రానుపోను కలిపి ఒకవైపు రుసుముకి ఒకటిన్నర రెట్లే పడుతుంది. అదే రోజు తిరిగొచ్చే మనలాంటివాళ్ళకి అది కలిసొచ్చేదే. తరచూ తిరిగే సొంత కార్లవాళ్ళు ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకోవచ్చు. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు దాని ధర 3,000 రూపాయలు. ఏడాది గానీ, 200 టోల్ దాటింపులు గానీ, ఏది ముందైతే అంతవరకు పనిచేస్తుంది. నెలకోసారైనా చెన్నై వైపో, విజయవాడ వైపో వెళ్ళే కుటుంబానికి అది తప్పకుండా లాభమే.

టిఫిన్ కావలిలో. మామయ్య షుగర్ మాత్ర వేసుకోవాలి కాబట్టి ఏడు దాటకుండా తినాల్సిందే. హైవే మీద లైట్లు, బోర్డులతో కనిపించే పెద్ద హోటళ్ళ కంటే ఊళ్ళోకి రెండు నిమిషాలు లోపలికి వెళ్తే దొరికే చిన్న హోటళ్ళే నయం. ఇడ్లీ పొగలు కక్కుతూ వస్తుంది, పచ్చడి అప్పుడే రుబ్బినట్టుంటుంది. హైవే హోటళ్ళతో వచ్చిన చిక్కల్లా బాత్రూములే. ఒకచోట, పేరు వద్దు, అద్దాల గోడలు, ఏసీ హాలు అన్నీ ఉన్నాయి. లేడీస్ టాయిలెట్‌కి మాత్రం గడియ లేదు, బకెట్‌లో నీళ్ళు లేవు. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యకి వెస్ట్రన్ కమోడ్ కావాలి. అది జెంట్స్ వైపు మాత్రమే ఉందన్నారు. టిఫిన్‌కి నలుగురికీ కలిపి అంత బిల్లు వేసేవాళ్ళు ఆ ఒక్క గదీ శుభ్రంగా పెట్టలేరా అని నాకు నిజంగా కోపం వచ్చింది. పెద్దవాళ్ళుంటే పెట్రోల్ బంకుల్లో పెద్దవి చూసి ఆపడం మేలు. కొన్నిచోట్ల అవే శుభ్రంగా ఉంటున్నాయి.

ఇక గుళ్ళు. ఒక్క పూటలో నెల్లూరు చుట్టూ నాలుగైదు గుళ్ళు చుట్టేయాలని చూడకండి. రెండు చాలు: జొన్నవాడ కామాక్షితాయి, ఊళ్ళో తల్పగిరి రంగనాథస్వామి. జొన్నవాడ ముందు పెట్టుకోవడానికి కారణం ఉంది. అది పెన్నకి ఉత్తరపు ఒడ్డున, బుచ్చిరెడ్డిపాలెం మండలంలో ఉంది. ఒంగోలు నుంచి వచ్చేవాళ్ళం పెన్న దాటి నెల్లూరు ట్రాఫిక్‌లో పడకముందే కోవూరు వైపు నుంచి తిరిగిపోవచ్చు. ఎనిమిదిన్నర లోపు చేరితే దర్శనం తేలిగ్గా అయిపోతుంది. శుక్రవారం మాత్రం ఆ మాట చెప్పలేను. జనం బాగా వస్తారు, ముందురోజు రాత్రే వచ్చి గుడిలో నిద్ర చేసేవాళ్ళూ ఉంటారు. సంతానం కోసమో, ఆరోగ్యం కోసమో మొక్కుకుని అలా పడుకుంటారు. అత్తయ్య పెళ్ళయిన కొత్తల్లో వాళ్ళ అమ్మతో వచ్చి నిద్ర చేశారట. "అప్పుడు పెన్నలో స్నానం చేసి, తడి బట్టలతోనే లోపలికి పోయేవాళ్ళం అమ్మాయ్" అంటూ మెట్ల దగ్గర కాసేపు నిలబడిపోయారు. ఏప్రిల్‌లో ఏటిలో ఇసకే ఎక్కువ. నీటి పాయ దూరంగా సన్నగా కనిపించింది. ఎండ ముదరకముందు కాబట్టి ఆవిడ నిలబడగలిగారు, మేమూ తొందరపెట్టలేదు. పొద్దున్నే బయల్దేరడం వల్ల చేతికొచ్చేది ఈ అరగంటే.

రంగనాథస్వామి గుడికి పదింటికల్లా చేరాం. పెన్న ఒడ్డునే, రంగనాయకులపేటలో ఉంది. దూరం నుంచే గాలిగోపురం కనిపిస్తుంది. కారు గుడి ముందుదాకా తీసుకెళ్ళాలని చూస్తే ఆ సందుల్లో ఇరుక్కుంటారు. పెద్దవాళ్ళని దించేసి, బండి కాస్త దూరంగా పెట్టుకుని నడిచి రావడమే మంచిది. లోపల శేషశయనం మీద స్వామిని చూసి బయటికొచ్చేముందు అద్దాల మండపం తప్పకుండా చూడండి. మధ్యలో నిలబడితే చుట్టూ, పైన ఎటు చూసినా మన ముఖాలే, మన వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక మళ్ళీ మనం. మా అబ్బాయి అక్కడ నుంచి రానన్నాడు. చెప్పులు విప్పి నడిచే రాతి నేల పదకొండు దాటితే కాలడం మొదలవుతుంది. పెద్దవాళ్ళకి పాత సాక్సులు ఒక జత పట్టుకెళ్ళండి, చిన్న విషయమే గానీ చాలా ఉపయోగపడింది.

"దారిలోనేగా, మాలకొండ కూడా చూసొద్దాం" అని మామయ్య బయల్దేరేటప్పుడు అన్నారు. మాలకొండ మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి గుడి శనివారం మాత్రమే తెరుస్తారు. పైగా అది హైవే పక్కన లేదు, కందుకూరు దాటి లోపలికి పోవాలి. దానికోసం ఒక శనివారం విడిగా పెట్టుకోవాల్సిందే. అలాగే మొహర్రం రోజుల్లో నెల్లూరుకి ఇలా తీరిగ్గా వెళ్ళొద్దామనుకోకండి. స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండగకి లక్షల మంది వస్తారు. కోరిక తీరాలని అక్కడ రొట్టె పట్టుకోవడానికే వెళ్ళేవాళ్ళ సంగతి వేరు. దానికి వేరే ఏర్పాట్లతో వెళ్ళాలి.

నెల్లూరు వెళ్ళి చేపల పులుసు తినకుండా రావడం మా ఇంట్లో కుదరదు. అత్తయ్య శాకాహారం కాబట్టి మేము రెండు రకాలూ దొరికేచోటు చూసుకోవాల్సి వచ్చింది. కోమల విలాస్, మురళీకృష్ణ లాంటి పాత పేర్లు ఎవరినడిగినా చెబుతారు. మేము ఒక చిన్న మెస్‌కి వెళ్ళాం. పన్నెండుంబావుకి కూర్చోవడం ముఖ్యం. ఒంటిగంట దాటితే కుర్చీ వెనకాల నిలబడి మనం ఎప్పుడు లేస్తామా అని చూస్తుంటారు. కొరమేను పులుసు తీసుకున్నాం. ముక్క విరగకుండా గట్టిగా ఉంది, పులుసు చిక్కగా, పైన నూనె తేలి, మామిడికాయ ముక్కలు మెత్తగా ఉడికి ఉన్నాయి. చింతపండు పులుపు ఒకటి, మామిడికాయ పులుపు ఒకటి విడివిడిగా తెలిశాయి. మా ఒంగోలు వైపు పులుసులో కారం ముందు తగులుతుంది. ఇక్కడ పులుపు ముందు, కారం తర్వాత వస్తుంది. నాకు నెల్లూరుదే ఎక్కువ నచ్చుతుంది. వడ్డించే ఆయనని "పొద్దున చేసిందా?" అని అడిగితే "రాత్రిదమ్మా, పొద్దున చేసింది సాయంత్రానికి గానీ పెట్టం" అన్నాడు. పులుసు సంగతి తెలిసినవాళ్ళ మాట అది. అత్తయ్యకి పప్పు, దొండకాయ వేపుడు, గడ్డపెరుగు. ఆవిడా తృప్తిగానే తిన్నారు.

ఒంటిగంట నుంచి మూడు దాకా ఏం చేయాలన్నదే ఈ మొత్తం ప్లాన్‌లో కష్టమైన ముడి. గుళ్ళు మూసి ఉంటాయి, బీచ్‌లో నిలబడలేం, షాపింగ్ అంటే పెద్దవాళ్ళకి నడక. వయసులో ఉన్నవాళ్ళు ఏ మాల్‌లోనో, సినిమా హాల్లోనో గడిపేయొచ్చు. మేము హోటల్ రూమ్ తీసుకున్నాం. కొన్ని హోటళ్ళు కొద్ది గంటలకే రూమ్ ఇస్తాయి, చాలావరకు రోజు మొత్తానికే డబ్బు తీసుకుంటాయి. ముందే ఫోన్ చేసి "రెండు మూడు గంటలు, ఫ్యామిలీ, పెద్దవాళ్ళున్నారు" అని చెప్పి రేటు మాట్లాడుకోవాలి. అందరి ఆధార్ కార్డులూ దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో ఒప్పుకున్న రేటు మా హోటల్లో కౌంటర్ దగ్గర పెరిగింది, ఏసీకి వేరే అన్నారు. ఫోన్‌లో మాట్లాడినప్పుడే వాట్సాప్‌లో రేటు పెట్టించుకున్నాం కాబట్టి చూపిస్తే తగ్గారు. ఆ డబ్బు దండగ అనుకోను. మామయ్య గంటన్నర నిద్రపోయి లేచారు. సాయంత్రం ఆయన సముద్రం దాకా నడిచారంటే ఆ నిద్ర వల్లే.

బీచ్ అనగానే చాలామంది మైపాడు అంటారు. మైపాడు బాగుంటుంది, కాదనను. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్ల లోపు, వరి పొలాలు, రొయ్యల గుంటల మధ్య దారి, టూరిజం వాళ్ళ రిసార్ట్ ఉంది. రాత్రి నెల్లూరులోనే ఉండేవాళ్ళు కళ్ళు మూసుకుని మైపాడే వెళ్ళొచ్చు. అదే రోజు ఒంగోలు తిరిగి రావాల్సినవాళ్ళకి మాత్రం అది వెనక్కి నడక. తూర్పుకి పోయి, మళ్ళీ ఊళ్ళోకి వచ్చి, అప్పుడు హైవే ఎక్కేసరికి చీకటి పడుతుంది. దానికి బదులు సింగరాయకొండ నుంచి లోపలికి వెళ్ళే పాకల బీచ్ నా ఓటు. మన ఇంటి దారిలోనే ఉంది. మూడింటికి నెల్లూరులో కదిలితే ఐదింటికి అక్కడ ఉంటాం. మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి సాయంత్రం సూర్యుడు వెనకవైపు, ఊరి మీదకి దిగిపోతాడు. మొహం మీద ఎండ పడదు, గాలి తిరుగుతుంది. దుకాణాలు, హంగులు ఆశించకండి. మంచినీళ్ళు, పిల్లలకి తినేవి కారులోనే ఉండాలి. నీళ్ళలోకి మోకాలి లోతు దాటి పోనివ్వకండి. అల చిన్నదిగా కనిపించినా కాళ్ళ కింద ఇసక లాగేస్తుంది. దీపాలు తక్కువ, చీకటి పడకముందే లేవాలి.

పాకల కంటే ముందు ఉలవపాడు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ ఆగకపోతే పాపం. రోడ్డు పక్కన తాటాకు పందిళ్ళ కింద బంగినపల్లి రాశులు పోసి అమ్ముతారు, సపోటాలూ ఉంటాయి. మొదటి కొట్టు దగ్గరే కొనేయకండి. ఒక ముసలమ్మ దగ్గర ఆగితే కాయని తొడిమ దగ్గర చూపించి, "ఈడ గుంట పడి భుజాలు లేచినాయి చూడమ్మా, ఇది చెట్టున తిరిగిన కాయ. గడ్డిలో పెట్టుకో, నాలుగురోజులకి పండుద్ది" అంది. ఒళ్ళంతా ఒకే పసుపు ఉండి, వాసన లేని పండు కొనొద్దని కూడా చెప్పింది. పచ్చివి తెచ్చి ఇంట్లో మాగేసుకున్నాం, ఆ వారం ఇల్లంతా అదే వాసన. నెల్లూరు మలై కాజా కావాలంటే మాత్రం ఊళ్ళో బయల్దేరేముందు, చివర్లో కొనండి. ఎండలో కారులో ఉంచితే పాడవుతుంది.

కాలం సంగతి కూడా చెప్పాలి. చలికాలం చివర, జనవరి నుంచి ఫిబ్రవరి, ఈ దారికి అన్నిటికంటే హాయి. మామిడిపళ్ళు మాత్రం ఉండవు. నవంబర్‌లో తుఫాను హెచ్చరిక ఉంటే వాయిదా వేసుకోండి. 2021 నవంబర్‌లో పెన్న వరదకి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే కూడా తెగి రాకపోకలు ఆగిపోయాయి.

సొంత కారు లేకపోతే క్యాబ్ మాట్లాడుకునేటప్పుడు రోజుకి ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, దాటితే ఎంత, టోల్ ఎవరిది, డ్రైవర్ బత్తా ఎంత అన్నీ ముందే తేల్చుకోండి. జొన్నవాడ, పాకల పేర్లు బయల్దేరకముందే చెప్పాలి. "నెల్లూరు రానుపోను" అని మాత్రమే చెబితే ప్రతి మలుపు దగ్గరా డ్రైవర్‌తో వాదనే. పెద్దవాళ్ళు లేకుండా ఇద్దరు ముగ్గురు వెళ్ళేట్టయితే నేనైతే రైలే చెబుతాను. ఒంగోలు, నెల్లూరు రెండూ మెయిన్ లైన్ మీదే ఉన్నాయి, బండ్లకి కొదవ లేదు. దిగాక ఆటో మాట్లాడుకుంటే రంగనాథస్వామి, భోజనం, మలై కాజా మూడూ ఒక పూటలో అయిపోతాయి. ఆర్టీసీ బస్సు ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది గానీ రైలు కంటే ఎక్కువసేపు పడుతుంది. ఈ రెండిట్లో దేంట్లో వెళ్ళినా జొన్నవాడకి ఆటో ఖర్చు విడిగా వేసుకోవాలి, పాకల, ఉలవపాడు వదులుకోవాలి.

మేము పాకలలో ఆరుంబావుకి లేచి, ఏడు దాటాక ఒంగోలులో దిగాం. చీకట్లో హైవే అంచున లైట్లు లేకుండా ఆపిన లారీలు రెండుచోట్ల కనిపించాయి. అందుకే ఎనిమిది తర్వాత రోడ్డు మీద ఉండేలా ప్లాన్ వేయొద్దని మా ఇంట్లో అందరికీ చెబుతున్నాను. అత్తయ్య అయితే అప్పుడే మాలకొండకి శనివారం చూడమన్నారు.