అమెరికా ఎమ్మెస్ కన్సల్టెన్సీ రివ్యూ: ఫారాల పనికి వెళ్ళండి, యూనివర్సిటీ మాత్రం మీరే వెతుక్కోండి

దిల్‌సుఖ్‌నగర్‌లో మా తమ్ముడి ఎమ్మెస్ ప్రాసెసింగ్ చేసిన కన్సల్టెన్సీ గురించి ఈ రివ్యూ. పేరు రాయట్లేదు, నేను చెప్పబోయేవి చాలావరకు అక్కడ ఏ బిల్డింగ్ మెట్లెక్కినా కనిపించేవే కాబట్టి పేరుతో పెద్దగా పని లేదు. రేటింగ్ ముందే చెప్పేస్తా. సర్టిఫికెట్లు, ఫారాలు, వీసా పేపర్ల పనికి ఐదుకి నాలుగు. యూనివర్సిటీ సెలక్షన్‌కి ఒకటి. మావాడు 2025 ఫాల్‌కి (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) సిన్సినాటి యూనివర్సిటీలో మెకానికల్‌లో చేరాడు, ఆ యూనివర్సిటీ పేరు వీళ్ళిచ్చిన లిస్టులో లేనే లేదు.

ముందు ఆ "ఫ్రీ" సంగతి. బోర్డు మీద ఫ్రీ కౌన్సెలింగ్ అని ఉంటుంది, మా నాన్న హన్మకొండ నుంచి వచ్చి కూర్చుని మొదట అడిగిందే అది, ఫ్రీగా చేస్తే మీకెట్లా గిట్టుబాటు అవుతుందమ్మా అని. కౌన్సెలర్ మేడమ్ నవ్వి, యూనివర్సిటీలతో మాకు టైఅప్స్ ఉన్నాయి అంకుల్ అన్నారు. టైఅప్ అంటే కమీషన్. పిల్లాడు చేరి ఫీజు కడితే ఆ మొదటేడు ట్యూషన్‌లోంచి కొంత శాతం కన్సల్టెన్సీకి వస్తుంది. అమెరికాలో వాళ్ళ సొంత పిల్లల్ని చేర్పించినందుకు ఇట్లా తలకింత అని ఇవ్వడం ఫెడరల్ చట్టం ప్రకారం కుదరదు, ప్రభుత్వ స్టూడెంట్ ఎయిడ్ తీసుకునే కాలేజీలన్నిటికీ ఆ నిషేధం ఉంది. ఆ ఎయిడ్‌కి అర్హత లేని ఫారిన్ స్టూడెంట్స్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చారు, మన పిల్లలు వచ్చేది అందులోకే. అంటే ఇది దొంగతనంగా జరిగేదేం కాదు, లీగలే. కాకపోతే మనకి లిస్టు రాసిచ్చే మనిషికి అందులో కొన్ని పేర్ల మీద డబ్బులొస్తాయి, కొన్నిటి మీద రావు, ఏది ఏదో వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. నేను సూటిగా అడిగా, మేడమ్ ఈ లిస్టులో మీకు టైఅప్ ఉన్నవాటికి టిక్ పెట్టివ్వండి అని. రెండుసార్లు మాట మార్చి, చివరికి పెట్టిచ్చారు. దాదాపు అన్నిటికీ టిక్కులే.

ఆ లిస్టు చూస్తే నాకు బాధేసింది నిజంగా. మావాడు మెకానికల్, బాలానగర్‌లో ఒక మెషిన్ షాపులో పనిచేశాడు, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్) మీద టూల్ అరిగిపోయి పార్టులు రిజెక్ట్ అవ్వడం రోజూ చూసేవాడు, టూల్ అరుగుదలని ముందే పట్టుకోవడం ఎట్లా అనే దాని మీదే చదవాలని వాడి కోరిక. వీళ్ళేమో డేటా అనలిటిక్స్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇచ్చారు. పక్క కుర్చీలో బీకామ్ చేసిన అమ్మాయి ఉంది, ఆ అమ్మాయి చేతిలో లిస్టూ మా లిస్టూ ఒకటే! అడిగితే మెకానికల్‌కి అక్కడ జాబ్స్ ఉండవు, ముందు ఎట్లాగోలా ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఫారం) తీసుకుని దిగిపోండి, దిగాక ట్రాన్స్‌ఫర్ అయిపోవచ్చు, ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసుకునే పర్మిషన్) మూడేళ్ళు, ఈలోపు హెచ్-1బీ (ఉద్యోగ వీసా) వచ్చేస్తుంది అన్నారు. ఓపీటీ ఏడాదే, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సు అయితే ఇంకో 24 నెలల ఎక్స్‌టెన్షన్‌కి మళ్ళీ అప్లై చేసుకోవాలి, దానికి ఉద్యోగం ఇచ్చే కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగికి పనిచేసే పర్మిషన్ ఉందా అని చూసే గవర్నమెంట్ సిస్టమ్) ఉండాలి. హెచ్-1బీ రెగ్యులర్ కోటా ఏడాదికి 65,000, దానికి లాటరీ. అప్పు చేసి పంపే తండ్రి ముందు కూర్చుని "వచ్చేస్తుంది" అనే మాట అనకూడదు అసలు.

మన తెలుగువాళ్ళం ఈ లిస్టుల విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే దెబ్బ తిన్నది ఎక్కువగా మనమే. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద వీసా మోసం కేసులో రెయిడ్ అయినప్పుడు అందులో స్టూడెంట్స్ ఎక్కువమంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు, కొంతమంది కాళ్ళకి జీపీఎస్ ట్యాగులు పెట్టారు, ఆ ఓనరమ్మకి 2014లో పదహారేళ్ళకి పైగా జైలు పడింది. మళ్ళీ 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ సంగతి బయటపడింది, అది అమెరికా హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ వాళ్ళే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ, క్లాసుల్లేవు టీచర్లు లేరు, సుమారు 600 మంది ఎన్‌రోల్ అయ్యారు. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. ట్రై వ్యాలీకి ఐ-20లు ఇచ్చే గవర్నమెంట్ పర్మిషన్ ఉంది. ఫార్మింగ్‌టన్ పేరు అక్రెడిటేషన్ (చదువు నాణ్యతకి ఇచ్చే గుర్తింపు) లిస్టులో కూడా కనపడేది, స్టింగ్ (వలపన్ని పట్టుకోవడం) కోసం అట్లా పెట్టించారు. కాబట్టి కౌన్సెలర్ "ఇది అప్రూవ్డ్ అమ్మా" అంటే ఆ ఒక్క మాటతో ఆగొద్దు. అప్రూవల్, అక్రెడిటేషన్ రెండూ చూడండి, చూసి డిపార్ట్‌మెంట్ పేజీలోకి వెళ్ళి ప్రొఫెసర్లు ఎవరు, ఈ సెమిస్టర్‌లో ఏం క్లాసులు నడుస్తున్నాయి, ల్యాబ్ ఉందా, అక్కడ చదివినవాళ్ళు లింక్డిన్‌లో ఏ ఊళ్ళో ఏ పని చేస్తున్నారు, ఇవన్నీ చూడండి. ఇది ఒక సాయంత్రంలో అయ్యే పని కాదు, మావాడూ నేనూ రాత్రుళ్ళు కూర్చుని చేశాం. సిన్సినాటి అట్లానే దొరికింది. చదువు మధ్యలో కంపెనీలో పని చేయించే కో-ఆప్ పద్ధతి 1906లో మొదలైందే అక్కడ, మాన్యుఫాక్చరింగ్ మీద పనిచేసే ప్రొఫెసర్లున్నారు, చుట్టుపక్కల ఒహాయో అంతా ఫ్యాక్టరీలే. మావాడు అది చదువుతున్నప్పుడు వాడి మొహం చూడాలి మీరు.

ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో యూనివర్సిటీకి రాసే వ్యాసం) సర్వీసు అస్సలు తీసుకోకండి. వాళ్ళ దగ్గర రైటర్ ఉంటాడు, ఒక ఫారం నింపిస్తాడు, నాలుగో రోజుకి ఎస్ఓపీ వచ్చేస్తుంది. మావాడికొచ్చిన దాంట్లో చిన్నప్పటి నుంచి నాకు టెక్నాలజీ అంటే మక్కువ, రిమోట్ కారు విప్పి చూసేవాణ్ణి అని ఉంది, వాడు జన్మలో రిమోట్ కారు ముట్టుకోలేదు. బాలానగర్ షాపు గురించి ఒక్క ముక్క లేదు, అడిగితే చిన్న షాపు కదా, ప్రొఫైల్ తగ్గినట్టు ఉంటుందన్నారు. వాడు అదంతా పక్కన పెట్టేసి, ఏ పార్టు మీద ఎంత స్క్రాప్ పోయేది, ఆపరేటర్ చెవితో శబ్దం విని టూల్ మార్చేవాడు, ఆ చెవి చేసే పని సెన్సర్‌తో చేయొచ్చా అని రాశాడు. ఇంగ్లీషు నేను కొంచెం సరిచేశా అంతే. ఇంకా రికమెండేషన్ లెటర్ల దగ్గర ఒకటన్నారు, అది చాలా తప్పు, లెటర్లు మేమే రాసి ప్రొఫెసర్ల పేరుతో మెయిల్ ఐడీలు క్రియేట్ చేసి అప్‌లోడ్ చేస్తాం, మీరు కాలేజీ చుట్టూ తిరగక్కర్లేదు అని. మా నాన్న గవర్నమెంట్ స్కూల్ టీచర్‌గా రిటైరయ్యారు, ఆ మాట వినగానే లేచి నిలబడ్డారు. మేం కాలేజీకే వెళ్ళాం, హెచ్ఓడీ సార్ రెండు వారాలు టైమ్ తీసుకుని స్వయంగా రాసిచ్చారు, చాలా బాగా రాశారు.

డబ్బు చూపించే దగ్గరా అదే వరస. ఐ-20 రావాలంటే మొదటి ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు చూపించాలి కదా, మేం బ్యాలెన్స్ చూపిస్తాం ఇంత పర్సెంట్ తీసుకుంటాం అన్నారు, మామూలు సర్వీసు చెప్పినట్టే చెప్పారు. దయచేసి ఆ దారి పోకండి. వీసా కోసం తప్పుడు కాగితం పెట్టినట్టు తేలితే అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంలో అది జీవితాంతం ఉండే అనర్హత, ఒక సీజన్ రిజెక్షన్ లాంటిది కాదు. 214(బి) కింద (చదువయ్యాక తిరిగొస్తామని ఆఫీసర్‌ని నమ్మించలేకపోతే) రిజెక్ట్ అయితే మళ్ళీ అప్లై చేసుకోవచ్చు, దీనికి ఆ వీలు దాదాపు ఉండదు. మేం ఇల్లు తనఖా పెట్టి గవర్నమెంట్ బ్యాంకులో లోన్ తీసుకున్నాం, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ అని చాలా తిప్పారు, లేటైంది, అయినా సాంక్షన్ లెటర్ చేతికొచ్చాక ఎవరడిగినా ధైర్యంగా చూపించాం.

ఇప్పుడు బాగున్న సంగతులు, నిజంగా బాగున్నాయి. అక్కడ డాక్యుమెంటేషన్ చూసే అక్క ఒకావిడ ఉంది, ఆ నాలుగు మార్కులూ ఆవిడవే. జేఎన్‌టీయూ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్స్ ఎన్ని సెట్లు, సీల్డ్ కవర్ ఎవరికి కావాలి, కన్సాలిడేటెడ్ మెమోలో ఏం సరిచూసుకోవాలి, అన్నీ నోటికొచ్చు. మావాడి పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ ఖాళీగా ఉండి పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంది, మన ఇళ్ళల్లో ఇది చాలామందికి ఉంటుంది, ఇంటిపేరు ఒక్క అక్షరమే రాసుకోవడం అలవాటు కదా. అట్లాగే వెళ్తే వీసా మీద పేరు ముందు ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది, అక్కడికెళ్ళాక బ్యాంకులో, లైసెన్సులో, ప్రతిచోటా దాని గురించి చెప్పుకోవాలి. ఆవిడ మొదటి రోజే పాస్‌పోర్ట్ తిరగేసి, తమ్ముడూ ముందు ఇది మార్పించుకో, తర్వాతే టెస్టులు అప్లికేషన్లు అంది. ఆ ఒక్క మాటతో టెస్ట్ రిజిస్ట్రేషన్ నుంచి ఐ-20 దాకా అంతా ఒకే పేరుతో వచ్చింది. ఆవిడకి ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే.

డీఎస్-160 (ఆన్‌లైన్ వీసా అప్లికేషన్) కూడా ఆవిడే పక్కన కూర్చుని మావాడితోనే నింపించింది. 20 నిమిషాలు కదలకుండా వదిలేస్తే సెషన్ పోతుంది, అప్లికేషన్ ఐడీ ముందే రాసుకోవాలి, ఎవరైనా సాయం చేశారా అనే ప్రశ్నకి అవును అనే పెట్టాలి, గత ఐదేళ్ళలో వాడిన సోషల్ మీడియా అకౌంట్లన్నీ రాయాలి అని ఒక్కోటి చెప్పింది. 2025లో మే చివర్లో కొత్త స్టూడెంట్ ఇంటర్వ్యూల బుకింగ్ ఆపేసి, జూన్‌లో మళ్ళీ తెరిచినప్పుడు అకౌంట్లు పబ్లిక్‌లో పెట్టాలన్నారు గుర్తుందా, అప్పుడూ ఆవిడే ఫోన్ చేసి చెప్పింది.

వీసా ఇంటర్వ్యూ స్లాట్ దగ్గర మాత్రం మళ్ళీ పాత కథే. పోర్టల్ లాగిన్, పాస్‌వర్డ్ ఇవ్వండి, ఇంత ఎక్స్‌ట్రా కడితే మావాళ్ళు స్లాట్ పట్టేస్తారు అన్నారు. అప్పటికే 2025 మార్చిలో బాట్లతో (తనంతట తనే బుక్ చేసే సాఫ్ట్‌వేర్) బుక్ చేసిన సుమారు 2,000 అపాయింట్‌మెంట్లు క్యాన్సిల్ చేస్తున్నామని ఎంబసీ వాళ్ళు ప్రకటించారు, అకౌంట్ లాక్ అయితే ఇబ్బంది పడేది మన పిల్లాడు. పాస్‌వర్డ్ ఇవ్వలేదు. పొద్దున్నే లేచి చూసుకుంటూ చూసుకుంటూ జూలై చివర్లో దొరికింది, ఆ రోజుల్లో ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు, మా అమ్మ చిలుకూరు వెళ్ళి 11 ప్రదక్షిణలు చేసొచ్చింది, వీసా వచ్చాక వెళ్ళి 108 పూర్తి చేసింది.

ఫీజుల్లో ఇంకో మాట. వీసా ప్రాసెసింగ్ ప్యాకేజీ అని ఒకే మొత్తం చెప్తారు, విడగొట్టి రాసివ్వమనండి. మాకప్పుడు అందులో గవర్నమెంట్‌కి పోయేవి రెండే, సెవిస్ (ఫారిన్ స్టూడెంట్స్ రికార్డులుంచే గవర్నమెంట్ సిస్టమ్) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు, రెండూ మీరే ఆన్‌లైన్‌లో కట్టుకోవచ్చు. మిగతాది వాళ్ళ ఛార్జీ, అది తక్కువా ఎక్కువా అనేది అప్పుడు తెలుస్తుంది.

మాక్ ఇంటర్వ్యూలు యావరేజ్. మూడు పేజీల ప్రశ్నలు జవాబులు ఇచ్చి బట్టీ కొట్టమన్నారు, చదువయ్యాక ఇండియా వచ్చి ఫలానా కంపెనీలో చేరతాను అని ఊరు పేరు మారకుండా అందరికీ ఒకటే. మావాడు నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో కౌంటర్ దగ్గరకెళ్తే ఆఫీసర్ అడిగింది ఈ యూనివర్సిటీ ఎందుకు, ఇప్పటిదాకా ఏం పని చేశావ్, డబ్బెవరు పెడుతున్నారు. బాలానగర్ షాపు, టూలు, చెవితో వినే ఆపరేటర్, ఇల్లు తనఖా, ఉన్నదే చెప్పాడు. నిజం కాబట్టి తడబడలేదు. కొన్ని నిమిషాల్లో పాస్‌పోర్ట్ తీసుకుని అప్రూవ్డ్ అన్నారు.

కాలేజీ ఎంచుకోడానికి తెలిసిన మనిషి కావాలి అనుకునేవాళ్ళకి ఎడ్యుకేషన్‌యూఎస్ఏ ఉంది, అమెరికా విదేశాంగ శాఖది, హైదరాబాద్‌లో కూడా ఉంది. వాళ్ళు యూనివర్సిటీల నుంచి కమీషన్ తీసుకోరు, సెషన్స్ చాలావరకు ఫ్రీ. మీ బదులు ఫారం నింపరు, ఎస్ఓపీ రాయరు, ఫలానా దాంట్లో చేరమని కూడా చెప్పరు, ఎట్లా వెతకాలో చెప్తారు. అందుకే చాలామంది ఒకసారి వెళ్ళి మళ్ళీ వెళ్ళరు, నాకు మాత్రం దాంట్లో ఉన్న మేలు అదే అనిపించింది.

మా పిన్ని కూతురు వచ్చే ఫాల్‌కి అప్లై చేస్తోంది. ఈ కన్సల్టెన్సీకే తీసుకెళ్ళా, కౌన్సెలర్ దగ్గర కూర్చోబెట్టకుండా నేరుగా డాక్యుమెంటేషన్ అక్క దగ్గరికే. ట్రాన్‌స్క్రిప్ట్స్, పేరు చెకింగ్, డీఎస్-160 ఈ మూడిటికే విడిగా ఎంత అని అడిగితే మొదట ప్యాకేజీ తప్ప ఇవ్వం అన్నారు, వెళ్ళిపోతామంటే మేనేజర్‌ని అడిగొచ్చి ఒప్పుకున్నారు, రసీదు మీద ఆ మూడూ విడివిడిగా రాసిచ్చారు. మీరూ అట్లా అడగండి, ఇస్తారు.