300 లీటర్లు, నలుగురం

అద్దెకిచ్చిన సెయిల్ బోట్ యజమాని తెరచాపల గురించి పది నిమిషాలు చెప్పాడు, నీళ్ల గురించి అరగంట చెప్పాడు. రెండు ట్యాంకులు కలిపి 300 లీటర్లు, మేం నలుగురం, రెండు వారాలు. "మీటర్ని నమ్మకండి, బోటు ఒరిగితే అది తప్పు చూపిస్తుంది. ఒక ట్యాంకు వాల్వే తెరిచి ఉంచండి. అది ఖాళీ అయిందంటే సగం నీళ్లు అయిపోయినట్టు" అన్నాడు.

నాలుగో రాత్రి నిద్రలో పంపు కాసేపు మోగి ఆగడం, మళ్లీ మోగడం వినిపించింది. ట్యాప్ తిప్పితేనే మోగాల్సిన పంపు అది. అంటే ఎక్కడో కారుతోంది. లేవాల్సింది పోయి, అటు తిరిగి పడుకున్నాను. తెల్లారేసరికి షవర్ పైపు క్లిప్పు ఊడి, మొదటి ట్యాంకు నీళ్లన్నీ బోటు అడుగుకి చేరాయి. రెండో వాల్వు మూసి ఉండబట్టి బతికిపోయాం. ఆ రోజు నుంచి పడుకునే ముందు పంపు స్విచ్ ఆఫ్.

దాంతో అనుకోకుండా మెరీనాకి, అంటే బోట్లు కట్టేసే రేవుకి, వెళ్లాం. బోటు పక్కనే కుళాయి, ఒడ్డున స్నానాల గదులు. సుఖమే, కానీ రాత్రంతా పక్క బోట్ల గోల. ఎండలో పడున్న హోస్ పైపులోంచి మొదట వచ్చే నీళ్లు రబ్బరు వాసన కొడతాయి. వాటిని వదిలేసి, రుచి చూశాకే ట్యాంకు నింపాలి.

పక్క బోటాయనకి వాటర్‌మేకర్ ఉంది. సముద్రపు నీటిని సుమారు 55 బార్ల ప్రెజర్‌తో పొర గుండా నెట్టి మంచినీళ్లు చేస్తుంది. కుళ్లుకున్నాను. అయితే హార్బర్‌లో దాన్ని వాడకూడదట, నీటి మీది డీజిల్, నూనె లోపలికి వెళితే పొర పాడవుతుంది. కుళాయి నీళ్లతో కడుగుదామంటే అందులోని క్లోరిన్ పొరకి పడదు. ఆయన టెన్షన్ ఆయనది.

తర్వాత బోటుని బోయాకి (నీళ్ల మీద తేలే, అడుగున కట్టేసిన బుడగకి) కట్టుకున్న చోట ఒడ్డు నుంచి క్యాన్లలో మోసుకున్నాం. 20 లీటర్ల క్యాన్ 20 కిలోలు. ఊగే చిన్న పడవలోంచి దాన్ని డెక్ మీదికి ఎత్తినవాడు ఆ సాయంత్రం పళ్లు తోముకోవడానికి అరగ్లాసే వాడాడు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఎవరూ లేని చిన్న అఖాతంలో లంగరు వేసిన ఐదు రోజులు. గిన్నెలు ముందు కాగితంతో తుడిచి, సముద్రపు నీళ్లతో తోమి, చివర్లో స్ప్రే సీసాతో మంచినీళ్లు కొట్టేవాళ్లం. మామూలు సబ్బు ఉప్పునీటిలో నురగ రాదు, గిన్నెల లిక్విడ్ వస్తుంది. స్నానం సముద్రంలోనే, పైన రెండు లీటర్ల మంచినీళ్లు. ఆ రెండు లీటర్లూ మానేస్తే ఒంటి మీది ఉప్పు గాలిలో తేమ పీల్చి దుప్పటంతా జిగటగా అవుతుంది. ఒక సాయంత్రం వాన పడితే పైకప్పు గుడ్డ వంచి కట్టాం. మొదటి ధార నాలిక మీద వేసుకుంటే ఉప్పగా ఉంది, పారబోశాం. తర్వాత రెండు క్యాన్లు నిండాయి.

ఆ బోటుకి ఒక్కటే లోటు. సింకు దగ్గర సముద్రపు నీటికి విడిగా కాలితో తొక్కే పంపు లేదు. రెండు వారాలూ తాడు కట్టిన బకెట్‌తో తోడింది నేనే. అరచేతిలో ఆ తాడు గీత ఇంకా పోలేదు.