బొమ్మను నిలిపే మీట: పాత 16 ఎం.ఎం. ప్రొజెక్టరును చాలాకాలం వాడిన తరువాత

16 మిల్లీమీటర్ల వెడల్పు ఫిల్మును తెరపై ఆడించే ఈ యంత్రం గురించి నేను చెప్పదలచుకున్నది దాదాపుగా ఒక్క మీట గురించే. బల్బు ఎన్ని వాట్లు, కటకం ఎలాంటిది, 400 అడుగుల రీలు 11 నిమిషాలు ఆడుతుందన్నవి దీన్ని ఒక్కసారి తిప్పినవారికైనా తెలిసిన విషయాలు. పల్నాడులో ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పినంతకాలం, ఆ తరువాత ఆదివారపు బడిలోనూ పేటల్లో జరిగే ఆరోగ్య ప్రదర్శనల్లోనూ నేను వాడింది ఈ ఒక్క ప్రొజెక్టరునే. పాఠశాల వద్దనుకొని వేలానికి పెట్టినప్పుడు దాన్ని నేనే పాడుకున్నాను. అందుకు కారణం పక్కన ఉండే చిన్న నిలుపుడు మీట.

మీట లాగితే మోటారు, గాలిపంకా తిరుగుతూనే ఉంటాయి గాని, ఫిల్మును రంధ్రాల్లో పట్టి ఒక్కొక్క బొమ్మ చొప్పున కిందికి దించే కొక్కెం విడిపోతుంది. అదే సమయంలో బల్బుకూ ఫిల్ముకూ నడుమ వేడిని అడ్డుకొనే పలక ఒకటి దిగుతుంది. తెరపై ఒకే బొమ్మ కదలకుండా నిలుస్తుంది. చిక్కుడు గింజ మొలకెత్తడాన్ని విడతలు విడతలుగా చిత్రించి నిమిషంలోపే చూపే ఫిల్ము ఒకటి అరువుకు తెచ్చేవాళ్ళం. గింజ పొట్టు పగిలి తెల్లటి మొన బయటపడ్డ చోట నిలిపి, ఇది వేరా, కాండమా అని అడిగితే, మొక్క ఎప్పుడూ పైకే వస్తుందన్న ధీమాతో సగం తరగతి కాండమనేది. మీట వదిలాక ఆ మొన వంగి మట్టిలోకి దిగుతుంటే ఓడినవాళ్ళు కూడా లేచి నిలబడి చూసేవారు. మొక్క మెడ వంచుకొని నేలను చీల్చుకొచ్చే చోట రెండోసారి నిలిపితే, ఆకులు కాకుండా మెడ ముందెందుకు వచ్చిందని వారే అడిగారు. లేత చివురు మట్టి రాపిడికి నలగకుండా ఉండడానికని చెప్పే అవకాశం నాకు దొరికింది. ఆపకుండా ఆడించిన ఏడాది ఇదే ఫిల్ముకు పిల్లలు అడిగిన ప్రశ్న, ఇంకో రీలు ఉందా అన్నదొక్కటే.

వ్యాఖ్యానం ఇంగ్లీషులో ఉండే ఫిల్ములకు ఈ మీట మరింత అవసరం. యంత్రం మాట్లాడుతుండగా దానిమీద మనం తెలుగులో అరిస్తే రెండూ వినపడవు. బొమ్మను నిలిపితే శబ్దమూ ఆగుతుంది కాబట్టి గది ఉపాధ్యాయుడి చేతికి వస్తుంది.

పేటల్లో మలేరియా గురించి చూపిన సాయంత్రాల్లో ఈ సౌకర్యం విలువ ఇంకా తెలిసింది. అనాఫిలిస్ దోమ పిల్లపురుగు నీటి పైపొరకు సమాంతరంగా పడుకొని ఉంటుంది. క్యూలెక్స్ పురుగు తల కిందికి, తోక పైకి పెట్టి ఏటవాలుగా వేలాడుతుంది. ఫిల్ములో ఈ తేడా కొన్ని క్షణాలే కనిపిస్తుంది. నిలిపి, కర్ర పుచ్చుకొని తెరమీద చూపిస్తుంటే ముందు వరుసలో కూర్చున్న ఒకావిడ, “ఇంకాసేపు ఉంచండి మాస్టారూ, ఇది మా గేదెల తొట్టిలో ఉండేదే” అన్నారు. ఆ తరువాత ఎక్కడ ఆపాలో వారే చెప్పసాగారు. ప్రదర్శన రెండింతలు సాగింది, జనం మాత్రం కదలలేదు.

1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు నడిచిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ పాఠాలు చేరాయి; మనకు అవి తెలుగులోనే వచ్చాయి. ఆ స్థాయి ఏర్పాటుతో నా డబ్బా యంత్రానికి పోలిక లేదు. అయినా ఆకాశం నుంచి వచ్చే పాఠాన్ని ఎవరూ ఆపలేరు. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో మొదలై, రైతులకు సాగు పద్ధతులను వీడియోల ద్వారా నేర్పే డిజిటల్ గ్రీన్ పద్ధతిలో రైతులు నటించిన వీడియోను ఊరి కార్యకర్త మధ్యమధ్య ఆపి ప్రశ్నలడుగుతారని తెలిసినప్పుడు, ఈ మీటను తెలిసినవారెవరో అక్కడ ఉన్నారని నాకు అనిపించింది.

ఇంత మెచ్చుకున్న మీటే ఒకసారి నన్ను నిండు సభలో నిలబెట్టింది. రీలును చుట్టే చక్రం పట్టు తప్పుతోందని పట్నంలో ఒక మరమ్మతు దుకాణంలో ఇస్తే, చక్రం చక్కగా బాగుచేసి, తిరిగి బిగించేటప్పుడు వేడి పలక ఇరుసును వంచి పంపారు. బయటికి ఏమీ కనపడదు. ఆడినంతసేపూ యంత్రం కొత్తదానిలాగే ఆడింది. ఆ సాయంత్రం సామాజిక భవనంలో దోమల ఫిల్ము వేసి, అలవాటైన చోట మీట లాగాను. పలక దిగక, బొమ్మ ఎప్పటికన్నా ఎంతో ప్రకాశంగా నిలిచింది. రెండు మూడు క్షణాల్లో పురుగు పొట్ట దగ్గర గోధుమరంగు మచ్చ లేచి, బుడగలు కట్టి, అంచులకు పాకి, పెనంమీద పలుచటి అట్టులా బొమ్మంతా పొంగి చిల్లులు పడింది. చివరికి తెర తెల్లబడింది. ఎవరో “మంటలు, మంటలు” అని కేకవేయగానే తలుపు దగ్గర తొక్కిసలాట మొదలైంది. నిజానికి మంటలు రావు. పాత 35 ఎం.ఎం. నైట్రేట్ ఫిల్ముకు ఉన్న అగ్గిగుణం దీనికి లేదు. 1923లో కోడాక్ సంస్థ 16 ఎం.ఎం.ను తెచ్చినప్పుడే ఇళ్ళలోనూ బడుల్లోనూ వాడడానికని సులభంగా అంటుకోని ఆధారం మీద, అంటే బొమ్మల పూతను మోసే పారదర్శకమైన పట్టీ మీద, తయారుచేసింది. ఆ సంగతి చీకట్లో పరిగెత్తేవారికి వివరించడం కుదరదు కాబట్టి లైట్లు వేయించి, కాలిన ముక్కను చేత్తో పట్టుకొని అందరికీ చూపించవలసి వచ్చింది.

కాలిన బొమ్మనూ, దానికి అటూ ఇటూ చెడిన వాటినీ కోసి, మిగిలిన చివరలను గీకి, జిగురుతో అతికించాను. సెకనుకు 24 బొమ్మలు పరిగెత్తే చోట నాలుగైదు పోతే కంటికి పెద్ద లోటు తెలియదు. అతుకు మాత్రం తెలుస్తుంది. ధ్వనిని చదివే డ్రమ్ము బొమ్మ పడే గేటుకు 26 బొమ్మల దూరంలో కింద ఉంటుంది కాబట్టి, ముందు బొమ్మ ఎగిరి పడుతుంది, సెకను గడిచాక స్పీకరులో టప్పుమంటుంది. రీలు అరువిచ్చిన కార్యాలయం దాని ఖరీదు కట్టమని ఉత్తరం రాసింది, కట్టాను. దుకాణదారు మాత్రం, “సినిమా ఆడించడానికి కదా మిషను, మధ్యలో ఆపమని మీకెవరు చెప్పారు మాస్టారూ?” అని తిరిగి నన్నే అడిగాడు. ఆ మాట మీద కోపం నాకు ఇప్పటికీ తీరలేదు.

ఆ కోపాన్ని పక్కన పెట్టి చూస్తే, ఈ మీట గురించి నేను మొదట్లో ఊరంతా చెప్పిన గొప్పల్లో కొన్నింటిని తగ్గించుకోవాలి. పలక సరిగా దిగినప్పుడు బొమ్మ వెలుగు బాగా పడిపోతుంది, కిటికీలకు దుప్పట్లు కట్టని తరగతిలో అది దాదాపు కనపడదు. వేడికి ఫిల్ము కొద్దిగా వంగడం వల్ల కటకాన్ని మళ్ళీ సరిచేసుకోవాలి. తిరిగి కదిలించినప్పుడు వ్యాఖ్యాత గొంతు మూలుగుతూ మొదలై, కాసేపటికి గాని తన స్థాయికి రాదు; పిల్లలు నవ్వడానికి అది చాలు. వేగంగా కదిలేదాన్ని నిలిపితే మసక తప్ప ఆకారం దొరకదు. ఇక లోలకం, గుండె కవాటం వంటి వాటిలో కదలికే పాఠం కాబట్టి నిలిపితే నేర్పవలసింది మాయమవుతుంది.

అన్నిటికన్నా పెద్ద మినహాయింపు చర్చి ఆవరణలో ఎదురైంది. 1978లో వచ్చిన, విజయచందర్ క్రీస్తుగా నటించిన ‘కరుణామయుడు’ 16 ఎం.ఎం. ప్రతులు ఊరూరా తిరిగిన సంగతి మా తరానికి తెలిసిందే. మా దగ్గర వేసినప్పుడు తెరకు వెనకవైపు కూడా జనం కూర్చున్నారు. ఉపమానాల దగ్గర నిలిపితే తాను వివరిస్తానని పాస్టరు గారు ముందే కోరారు. మొదటిసారి నిలిపినప్పుడు గుసగుసలు వినిపించాయి. రెండోసారి ఒక పెద్దాయన లేచి, “అయ్యగారూ, ఆయన మాట్లాడుతుంటే మధ్యలో మీరు మాట్లాడతారేమిటండీ?” అన్నారు. పాస్టరు గారు నవ్వి కూర్చున్నారు. అదృష్టవశాత్తు మాకున్నది ఒకటే యంత్రం, రీలు మార్చేటప్పుడు ఎలాగూ లైట్లు వేయాలి. ఆ విరామాల్లో ఆయన వివరణను జనం ఎంతో శ్రద్ధగా విన్నారు. కథాచిత్రానికి మీట ముట్టకూడదని, రీలు చివరలే దాని సహజమైన ఆటవిడుపులని ఆ రాత్రి తరువాత నియమం పెట్టుకున్నాను.

ఇప్పుడు కొనవచ్చా అని అడిగేవారికి నా జవాబు నా పరిస్థితులను బట్టే ఉంటుంది. నాకు సొంత రీళ్ళు ఉన్నాయి, దాచుకున్న బల్బులు కొన్ని ఉన్నాయి, ఇరుసు వంగితే సరిచేసే లేత్ మేస్త్రి ఊళ్ళోనే ఉన్నాడు. ఇవేవీ లేని బడికి చిన్న ఎల్‌ఈడీ ప్రొజెక్టరు చాలు. ఆదివారపు బడిలో నేను కూడా ఇప్పుడు దాన్నే వాడుతున్నాను. అందులో నిలిపితే వెలుగు తగ్గదు, ఏదీ కాలదు, వెనక్కి వెళ్ళడం కూడా క్షణంలో పని. పాత యంత్రాన్ని సైన్సు రీళ్ళ కోసం ఉంచుకున్నాను, వాటి వీడియో ప్రతులు నాకు దొరకలేదు కాబట్టి. మీకూ అలాంటి రీళ్ళుంటే, యంత్రం తీసుకొనే ముందు బల్బు ఆర్పి మీట లాగి, పలక పూర్తిగా దిగుతున్నదో లేదో టార్చి వేసి చూడండి. పనికిరాని ముక్క ఒకటి ఎక్కించి, బల్బు వేసి, నిమిషంపాటు నిలిపి ఉంచండి. రీలు డబ్బా మూత తీయగానే వెనిగరు వాసన వస్తే ఫిల్ము ఆధారం చెడడం మొదలైందని అర్థం, దాన్ని మంచి రీళ్ళకు దూరంగా వేరే గదిలో పెట్టండి.