గూళ్ల దగ్గరికి వెళ్లకుండా గూళ్లు చూడాలంటే: నికాన్ మోనార్క్ ఎం5 8×42 ఎలా ఉంది?

సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టే కాలంలో చెరువు కట్ట మీద రోజూ కనిపించే దృశ్యం ఒకటుంది. ఫోన్ పైకెత్తుతారు, బొమ్మ మరీ చిన్నగా వస్తోందని నాలుగడుగులు ముందుకు వేస్తారు. అప్పటిదాకా ముక్కుతో ఈకలు సర్దుకుంటున్న పక్షి ఆ పని ఆపి మెడ నిక్కిస్తుంది. ఇంకో నాలుగడుగులు వేస్తే గూట్లోంచి లేచి నిలబడుతుంది, ఆ తర్వాత ఎగిరిపోతుంది. పెద్ద పక్షి లేచిపోయిన గూట్లో ఇంకా ఈకలు రాని పిల్ల ఎండకు మాడుతుంది, గుడ్డయితే కాకి పాలవుతుంది. అందుకే పక్షుల కోసం కొనే బైనాక్యులర్‌ని చూసే లెక్క ఒకటే ఉండాలి: మనం ఎంత దూరంలో ఆగిపోయినా తృప్తిగా చూడనిస్తుందా?

ఆ లెక్కలో నికాన్ మోనార్క్ ఎం5 8×42 మంచి మార్కులే తెచ్చుకుంటుంది. ఒక విషయంలో మాత్రం తగ్గుతుంది, అది తర్వాత.

ముందు అంకెల సంగతి. 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో. 80 మీటర్ల దూరంలో ఉన్న గూడు 10 మీటర్ల దగ్గర ఉన్నంతగా కనిపిస్తుంది. 42ని 8తో భాగిస్తే 5.3 వస్తుంది. కంటికి చేరే వెలుగు వలయం వ్యాసం అది, మిల్లీమీటర్లలో. తెల్లవారుజామున మన కనుపాప విచ్చుకునే వెడల్పుకి ఇది సరిపోతుంది కాబట్టి, ఆరింటికి చెట్ల నీడలో కూర్చున్న వక్క అనే కొంగజాతి పక్షి ముక్కూ మొహం కూడా తెలుస్తాయి. 10×42లో ఈ వలయం 4.2కి తగ్గుతుంది, చేతి వణుకు కూడా ఎనిమిది రెట్లకు బదులు పది రెట్లు కనిపిస్తుంది. కొత్తవాళ్లు పదో నంబరుకే ఆశపడతారు కానీ, ఊతం లేకుండా పది నిమిషాలు పట్టుకు చూడాలంటే ఎనిమిదే హాయి. ఇక హైవే పక్కన, తీర్థాల్లో ఎర్రటి అద్దాలతో అమ్మే "30×60 నైట్ విజన్" సరుకు గురించి ఒక్క మాట చాలు. పెట్టె మీది అంకె నిజమే అనుకున్నా వెలుగు వలయం 2 మిల్లీమీటర్లే, పైగా చేతిలో నిలవదు. ఆ ఎర్రపూత రంగుల్ని కూడా మారుస్తుంది. పక్షిని రంగుని బట్టి గుర్తుపట్టాల్సిన చోట అది దేనికి పనికొస్తుంది?

ఎం5 బరువు 630 గ్రాములు, పొడవు 14.5 సెంటీమీటర్లు. ప్రిజాలు గొట్టంలో నిలువుగా ఒదిగే రకం కాబట్టి పాతకాలపు భుజాల బైనాక్యులర్ కంటే సన్నగా ఉంటుంది. అద్దాల్లో రంగులు చెదరడాన్ని తగ్గించే ఈడీ గ్లాస్ వాడారు. దీని ఉపయోగం తెలియాలంటే ముదురాకుపచ్చ చెట్టు మీద వాలిన తెల్లకొంగను చూడాలి. చవక బైనాక్యులర్‌లో కొంగ అంచు చుట్టూ ఊదారంగు గీత ఒకటి కనిపిస్తుంది. ఎం5లో నడిమధ్య ఆ గీత దాదాపు ఉండదు, అంచులకు జరిగే కొద్దీ కాస్త తెలుస్తుంది. స్పష్టత కూడా అంతే: మధ్యలో పదునుగా ఉండి చివర్లలో కొంచెం మెత్తబడుతుంది. పక్షిని ఎలాగూ మధ్యలోకే తెచ్చుకుంటాం కాబట్టి ఇది పెద్ద లోపం కాదు. గూడబాతు పైముక్కు అంచున వరసగా ఉండే చుక్కలు, నత్తగుల్ల కొంగ ముక్కు మధ్య సందు, పెయింటెడ్ స్టార్క్ (రంగు కొంగ) తోక మీదికి వాలే గులాబీ ఈకలు కట్ట మీద నుంచే విడివిడిగా తెలుస్తాయి. అత్యంత దగ్గరి ఫోకస్ 2.5 మీటర్లు. సీతాకోకచిలుకలకీ తూనీగలకీ ఇది బాగా పనికొస్తుంది. పక్షులు కనిపించని మధ్యాహ్నం వేళ పిల్లలకు కాలక్షేపం కూడా.

కళ్లద్దాలు ఉన్నవాళ్లకు ఇది ప్రత్యేకంగా నప్పుతుంది. కనుపాపకీ ఐపీస్‌కీ (కంటివైపు అద్దానికీ) మధ్య ఉండాల్సిన దూరం ఇందులో 19.5 మిల్లీమీటర్లు. అద్దాలు తీయకుండానే మొత్తం దృశ్యం కనిపిస్తుంది. మన దగ్గర చాలామంది వాడే ఒలింపస్ 8×40 డీపీఎస్‌లో ఇది 12 మిల్లీమీటర్లే. కళ్లద్దాలతో చూస్తే అంచులు తెగిపోయి గొట్టంలోంచి చూసినట్టుంటుంది.

ఇప్పుడు ఎం5కి మార్కులు తగ్గే చోటు. దీని చూపు వెడల్పు 6.4 డిగ్రీలు, అంటే 1000 మీటర్ల దూరంలో 112 మీటర్లు. 100 మీటర్ల దగ్గర 11 మీటర్లే పడుతుంది. ఇదే కంపెనీ ఎం7 8×42లో చూపు 8.3 డిగ్రీలు, అదే దూరంలో పద్నాలుగున్నర మీటర్లు. తక్కువ ధర ప్రోస్టాఫ్ పీ3 8×42 కూడా 7.2 డిగ్రీలతో దీన్ని దాటుతుంది. గూట్లో కదలకుండా కూర్చున్న పక్షికి తేడా తెలియదు. గాల్లో మెలికలు తిరిగే పసిరికి పిట్టల్ని పట్టుకోవాలన్నా, కొమ్మల్లో దాక్కునే చిన్న పిట్టని వెతకాలన్నా ఈ ఇరుకు చిరాకు పెడుతుంది. దీనికి విరుగుడు ఒకటుంది. ముందు ఉత్త కంటితో పిట్టని పట్టుకోండి. చూపు దాని మీద నుంచి తిప్పకుండా బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. తల దించి బైనాక్యులర్ పెట్టుకుని మళ్లీ తలెత్తి వెతికితే ఎనిమిది సార్లలో ఏడుసార్లు ఖాళీ కొమ్మే కనిపిస్తుంది.

కొన్న రోజే పది నిమిషాలు కూర్చుని సరిచేసుకోకపోతే ఎంత ఖరీదైన బైనాక్యులరైనా తలనొప్పే. రెండు గొట్టాల్ని మడుస్తూ విప్పుతూ, రెండు వలయాలు కలిసి ఒకే గుండ్రం అయ్యేదాకా చూసుకోండి. కళ్లద్దాలుంటే ఐకప్‌లు (కంటికి ఆనే రబ్బరు అంచులు) పూర్తిగా లోపలికి తిప్పేయాలి, లేకపోతే పైకి తిప్పాలి. చిక్కుడుగింజ ఆకారంలో నల్లనీడలు ఆడుతుంటే కన్ను మరీ దగ్గరగా ఉందని, అంటే ఐకప్ ఇంకో మెట్టు పైకి రావాలని అర్థం. తర్వాత డయాప్టర్, అంటే రెండు కళ్ల చూపులో తేడాని సరిచేసే పట్టీ. 40, 50 మీటర్ల దూరంలో స్పష్టమైన అంచు ఉన్న బోర్డు లాంటిదాన్ని ఎంచుకోండి. కుడి గొట్టాన్ని అరచేత్తో మూసి, మధ్య చక్రంతో ఎడమ కంటికి పదును తెచ్చుకోండి. ఇప్పుడు ఎడమ మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి ఐపీస్ దగ్గరి పట్టీ తిప్పి కుడి కంటికి పదును తెచ్చుకోండి. ఇక ఆ పట్టీని కదపనక్కర్లేదు. అది ఏ స్థానంలో ఉందో గుర్తుపెట్టుకోండి, సంచిలో రాపిడికి జరిగితే వెంటనే తెలుస్తుంది. ఒకే బైనాక్యులర్‌ని ఇంట్లో నలుగురు వాడితే ఒక్కొక్కరికీ ఈ పట్టీ స్థానం వేరు. "నాకేం కనిపించట్లేదు" అని పిల్లలు అనడానికి సగం కారణం ఇదే. మిగతా సగం, చిన్న మొహాలకు గొట్టాల ఎడం సరిపోకపోవడం. ఎం5లో ఆ ఎడం 56 మిల్లీమీటర్ల కంటే తగ్గదు. బాగా చిన్నపిల్లలకు ఒక గొట్టంలోంచే చూడమనండి.

ఏ చోట ఎలా పనిచేస్తుందంటే: గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువు చిన్నది, ఊళ్లోనే ఉంది, అక్కడ 8 రెట్లు ధారాళం. కొల్లేరులో ఆటపాక దగ్గర ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టిన గూడబాతులకీ ఇది సరిపోతుంది, అయితే పడవలోంచి చూసేటప్పుడు మోచేతులు ఒంటికి ఆనించాలి. పులికాట్ కథ వేరు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద నిలబడితే రాజహంసల గుంపు అర కిలోమీటరు అవతల ఉండొచ్చు. ఎం5లో గులాబీ గీతలా గుంపు అందం తెలుస్తుంది కానీ, పెద్ద రాజహంసా చిన్న రాజహంసా అని ముక్కు రంగు చూసి తేల్చుకోవాలంటే 20 రెట్లు దాటిన స్పాటింగ్ స్కోపు, ట్రైపాడ్ కావాలి. బురదలో తిరిగే చిన్న ఉల్లంకులకూ అంతే. అందుకని బురదలోకి దిగి దగ్గరికి నడవకండి. గుంపు లేచిపోతుంది, కాలూ కూరుకుపోతుంది. ఇంకో సంగతి, ఎండ ముదిరాక నీటిమీది గాలి సెగకు దృశ్యం అలలు అలలుగా ఆడుతుంది. అది బైనాక్యులర్ తప్పు కాదు, ఎంత డబ్బు పెట్టినా పోదు. పొద్దున తొమ్మిదిలోపు చూసేయాలి. ఆ రోడ్డు మీద వాహనాలు జోరుగా వెళ్తాయి, బండిని తారు దిగేదాకా పక్కకు తీసి ఆపాలి.

కట్ట మీద నడిచేటప్పుడు కళ్లకు బైనాక్యులర్ ఉండకూడదు. నడవాలంటే దించాలి, చూడాలంటే ఆగాలి. ఇది మర్యాద కోసం కాదు, చెరువు గట్ల మీద పాములుంటాయి, గట్టు అంచులు విరిగి ఉంటాయి. సూర్యుడి వైపు పొరపాటున కూడా తిప్పకండి, రెటీనా కాలిపోతే తిరిగి రాదు. ఉదయం తూర్పున ఎగిరే గుంపుని వెంబడిస్తూ సూర్యుడి మీదుగా తిప్పేయడం పిల్లలు తరచూ చేసే పని, వాళ్ల పక్కన నిలబడండి. పక్షి మెడ నిక్కించిందంటే మీరు గీత దాటారని లెక్క. అది మళ్లీ ఈకలు దువ్వుకునేదాకా మెల్లగా వెనక్కి జరగండి. ఫోన్‌లో పక్షి కూత వినిపించి పిలవడం, గూళ్ల మీద డ్రోన్ ఎగరేయడం, గుడ్లగూబ ఉండే చెట్టు లొకేషన్‌తో సహా ఫొటో పెట్టేయడం, ఈ మూడూ బైనాక్యులర్ సంపాదించిపెట్టిన దూరాన్ని ఒక్క దెబ్బతో పోగొడతాయి. దసరాకి పాలపిట్టని చూడాలనుకునేవాళ్లకి కూడా ఇదే దారి. పంజరంలో పెట్టి చూపించేవాళ్లకి డబ్బులివ్వొద్దు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం నేరం. ఊరి బయట కరెంటు తీగల మీద కూర్చున్న పిట్ట ఎం5లో నీలిరంగు రెక్క మడతతో సహా కనిపిస్తుంది.

ఇది నీళ్లలో మీటరు లోతున పది నిమిషాలు ఉన్నా తట్టుకునేలా చేసింది, లోపల నైట్రోజన్ నింపారు. కాబట్టి వానకు భయం లేదు, లోపల ఆవిరి పట్టదు. భయమంతా ఉప్పుగాలికీ దుమ్ముకీ. పులికాట్ నుంచి వచ్చాక పైతొడుగుని మంచినీళ్లతో తడిపి పిండిన గుడ్డతో తుడవండి. అద్దం మీద ముందు బ్లోయర్‌తో గాలి కొట్టాలి, తర్వాత మెత్తటి బ్రష్, ఆఖరికే లెన్స్ గుడ్డ. పైటచెంగుతోనో చొక్కా అంచుతోనో రుద్దితే ఇసుకరేణువు పూతను గీసేస్తుంది, ఆ గీతలకు మందు లేదు. కోస్తా తేమలో బీరువాలో తోలు సంచిలో పెట్టి మర్చిపోతే అద్దం పైన బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, పొట్లాలు రంగు మారితే మార్చండి. మెడపట్టీ తీసేసి ఛాతీ మీదుగా వచ్చే హార్నెస్ కొనుక్కుంటే రెండు గంటల తర్వాత 630 గ్రాములు మెడకు బరువనిపించవు.

ధరలు నెలనెలా మారతాయి కానీ పీ3 కంటే ఎం5కి చాలా ఎక్కువ పెట్టాల్సి ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు వెళ్లే కుటుంబానికి పీ3 చాలు. దానిలో ఈడీ గ్లాస్ ఉండదు, ఎదురువెలుగులో తేడా తెలుస్తుంది, చూపు మాత్రం వెడల్పు. ప్రతి వారం చెరువు గట్టున ఉండేవాళ్లకీ కళ్లద్దాలవాళ్లకీ ఎం5 సరైనది. ఎగిరే పిట్టల మీదే మోజైతే మరికొంత దాచుకుని ఎం7కి వెళ్లండి, బరువు 40 గ్రాములే ఎక్కువ.

దేన్ని కొన్నా వాపసు గడువు ముగిసేలోపు ఒక పరీక్ష చేయండి. వంద మీటర్ల అవతలి మేడ పిట్టగోడ అంచుని చూస్తూ బైనాక్యులర్‌ని కళ్ల నుంచి మెల్లగా పది సెంటీమీటర్లు వెనక్కి లాగండి. రెండు వలయాల్లో ఆ అంచు ఒకే ఎత్తులో ఉండాలి. ఒకదాంట్లో పైకి ఒకదాంట్లో కిందికి ఉంటే గొట్టాల వరుస తప్పిందన్నమాట. అయిదు నిమిషాలు చూసేసరికి కళ్లు లాగుతాయి. సర్దుకుపోవద్దు, వారంటీ కార్డు మీది సీరియల్ నంబరు, ఒంటి మీది నంబరు సరిపోల్చుకుని అదే రోజు వెనక్కి పంపేయండి.