కొలంబా స్టీమర్ జ్ఞాపికలు: ఆన్‌లైన్‌లో కొన్న లాట్ మీద నా రివ్యూ

పాత ఓడల సామాన్లు అమ్మే ఒక ఆన్‌లైన్ షాపులో 45 పౌండ్లు పెట్టి ఈ లాట్ (కలిపి ఒకే ధరకు అమ్మే సామాన్ల కట్ట) తీసుకున్నాను. స్కాట్లండ్‌లోని క్లైడ్ తీరంలో తిరిగిన ‘కొలంబా’ స్టీమర్ పోస్ట్‌కార్డులు కొన్ని, భోజనాల దగ్గర చేతిగుడ్డ చుట్టి పెట్టే చెక్క న్యాప్‌కిన్ రింగు ఒకటి, బుల్లి పింగాణీ జగ్గు ఒకటి వచ్చాయి.

ముందు కార్డుల సంగతి. నేను డబ్బు పెట్టింది వాటి కోసమే. కొలంబా 1878లో తయారైన ప్యాడిల్ స్టీమర్, అంటే పక్కనున్న పెద్ద చక్రాలతో నీళ్లు తోసుకుంటూ పోయే ఆవిరి ఓడ. 1935 దాకా నడిచింది. వేసవిలో గ్లాస్గో నుంచి డునూన్, రోత్సే మీదుగా ఆర్డ్‌రిషేగ్ వెళ్లేది. ఆ ఓడలోనే పోస్టాఫీసు ఉండేది! కార్డు రాసి, ప్రయాణం పూర్తికాకముందే అక్కడే పోస్ట్ చేసేయొచ్చు. నాకొచ్చిన వాటిలో ఒకదాని మీద ఎడ్వర్డ్ రాజు బొమ్మున్న ఆకుపచ్చ అర పెన్నీ స్టాంపు, దాని మీద ‘గ్రీనాక్-ఆర్డ్‌రిషేగ్ ప్యాకెట్’ (ప్యాకెట్ అంటే టపా ఓడ) అనే ముద్ర ఉన్నాయి. వెనక పెన్సిల్‌తో నాలుగు ముక్కలు: వాన లేదట, టీ అయిందట, పిల్లలు ఇంజను దగ్గర్నుంచి కదలడం లేదట. కదలరు మరి. సిలిండర్లే అటూ ఇటూ ఊగే రకం ఇంజను అది. అదే క్లైడ్‌లో 1901లో ‘కింగ్ ఎడ్వర్డ్’ అనే టర్బైన్ స్టీమర్ వచ్చింది; టర్బైన్ అంటే ఆవిరి తోపుకి రెక్కలు గిర్రున తిరిగే ఇంజను. టర్బైన్‌తో వ్యాపారానికి నడిచిన మొదటి ప్రయాణికుల ఓడ అదే. వేగం బాగానే ఉంది కానీ తిరిగేదంతా ఇనప డొప్ప లోపలే, పిల్లలకు చూడ్డానికి ఏమీ లేదు.

మిగతా కార్డులు ఖాళీవి, మరక లేకుండా మెరిసిపోతున్నాయి. షాపువాళ్లు వీటికే ఎక్కువ ధర కడతారు. నాకైతే పెన్సిల్ రాత ఉన్న ఆ ఒక్కటీ వీటన్నిటికంటే విలువైనది. ఆ రోజు ఓడలో మనుషులు ఏం చేశారో అది చెబుతోంది.

న్యాప్‌కిన్ రింగు చాలా బాగుంది. ఎయిర్‌షైర్‌లోని మాక్లిన్ ఊరి పని: సికమోర్ చెక్క మీద రోత్సే బొమ్మ అచ్చు దించి, పైన వార్నిష్ పూతలు మీద పూతలు వేశారు. సముద్రతీర ఊళ్లలో ఇలాంటివి తెగ అమ్ముడయ్యేవి. వార్నిష్ అక్కడక్కడ చిట్లింది, బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. దీన్ని నీళ్లతో కడగకండి, పొడి గుడ్డ చాలు.

జగ్గు దగ్గరే కోపం వచ్చింది. లిస్టింగ్‌లో ‘గాస్’ అని రాశారు, అది ఊళ్ల చిహ్నాలున్న పింగాణీకి పేరున్న కంపెనీ. గాస్ పింగాణీ అడుగున గద్ద ముద్ర ఉంటుంది, దీని అడుగున ఏమీ లేదు. రోత్సే చిహ్నం ముద్దుగానే ఉంది కానీ ఇది వేరే ఎవరి సరుకో. ఇంకో తప్పు: ఒక కార్డును 1890ల నాటిదని రాశారు. దాని వెనక అడ్రసుకీ ఉత్తరానికీ మధ్య గీత ఉంది. బ్రిటన్‌లో అలాంటి కార్డులు 1902లో గానీ మొదలు కాలేదు. మెయిల్ మీద మెయిల్ పెడితే కొంత డబ్బు వెనక్కి ఇచ్చారు, లిస్టింగ్ మాత్రం ఇంకా సరిచేయలేదు.

ప్యాకింగ్‌కి వంక పెట్టలేను. కార్డుల మధ్య గట్టి అట్టలు పెట్టారు, ఒక్క మూలా మడవలేదు.

5కి 3 స్టార్లు. ఇదే షాపులో రాసి పోస్ట్ చేసిన కార్డుల లాట్ ఇంకోటి ఉంది. వెనక వైపు ఫోటోలు అడిగాను. పంపితే కొంటాను.