ఇరవై రెండేళ్ళుగా వాడుతున్న మా తుమ్మ గొర్రు

ఎమ్మిగనూరులో ఇల్లు, ఊరి బయట ఆరెకరాల నల్లరేగడి. 2003లో నాన్న నల్లతుమ్మ మొద్దు కోయించి, వడ్రంగిని మా వాకిట్లోనే కూర్చోబెట్టి చేయించిన మూడు పళ్ళ గొర్రు ఇది, ఎద్దులు లాగుతుంటే సాళ్ళలో విత్తనం వేసే పనిముట్టు. ఇన్నేళ్ళలో వెదురు గొట్టాలు మూడుసార్లు మార్చాను. పళ్ళ మొనకుండే ఇనుప కర్రులు అరిగినప్పుడల్లా కొలిమిలో సాగగొట్టించాను. పళ్ళు బిగించిన మొద్దు, అదే దుంప, మాత్రం మారలేదు. ఎద్దులే ఇప్పటికి మూడో జత.

శనగ వేసేటప్పుడు నేలలో పదును, అంటే తడి, ఎంత లోతులో ఉందో మేడి పట్టినవాడి చేతికి తెలిసిపోతుంది. పైమట్టి ఆరి ఉంటే కాస్త బరువు మోపితే చాలు, గింజ తేమలో పడుతుంది. మధ్యలో రెండేళ్ళు ట్రాక్టర్ గొర్రుతో వేయించాను. మాకు రోజంతా పట్టే మూడెకరాలు గంటన్నరలో తేలిపోయాయి. కానీ చేను నడుమ పల్లంలో గింజ మరీ లోతుకు పోయి మొలక పలచబడింది.

అసలు పనితనం జడ్డిగం దగ్గర, అంటే గొట్టాల పైన గింజలు పోసే చెక్క గిన్నె దగ్గర ఉంది. పిడికిట్లో గింజలు పట్టి, వేళ్ళ సందుల్లోంచి మూడు రంధ్రాలకూ సమంగా వదలాలి. అమ్మది తిరిగిన చెయ్యి. గొట్టంలో గింజ జారే చప్పుడు ఆగిందంటే "నిలుపు నాయనా" అని కేకేసేది. ఎత్తి చూస్తే గొట్టం మొన బంకమట్టితో పూడి ఉండేది, జొన్న దంటుతో పొడిచేవాళ్ళం. ఆమెకు మోకాళ్ళు పట్టేశాక ఒక ఏడు నేనే పోశాను. పదిహేను రోజులకు గట్టు మీంచి చూస్తే మధ్య సాలు సగం ఖాళీ! పక్క చేను మామ "దువ్వెనకు పండ్లూడినట్టుందే అల్లుడా" అని ఊరంతా చెప్పాడు.

ఇబ్బందంతా ఎద్దులతోనే. గొర్రు, గుంటక, బండి అన్నీ కలిపినా వాటికి ఏడాదిలో నలభై రోజుల పని ఉండదు, మేత మాత్రం రోజూ కావాలి. చొప్ప వామి వేయడానికి టౌన్లో జాగా ఏది? పేడ వాసనని, ఈగలని వీధిలో గొడవ. తారు రోడ్డు మీద నడవాలంటే నాడాలు కొట్టించాలి. అన్నిటికన్నా టెన్షన్ పెట్టినవి ప్లాస్టిక్ కవర్లు. ఒకసారి పెద్దెద్దు మూడు రోజులు నెమరు వేయలేదు. డాక్టర్ పొట్ట కోసి తీస్తే బకెట్టెడు కవర్లు. బతికింది గానీ ఆ ఏడు కాడి మోయలేదు.

కొట్టానికి చోటు, విత్తనం పోసే చెయ్యి ఉన్నవాళ్ళు ఇలాంటి గొర్రు నిక్షేపంగా చేయించుకోవచ్చు. లేనివాళ్ళకు ట్రాక్టరే మేలు. పని కాగానే గొర్రును నీడన పెట్టండి. నేను ఒక వేసవి గోడకు చేరేసి మరిచిపోతే గొట్టాలు నిలువునా చీలాయి.

ఈమధ్య జడ్డిగం ఒక పక్క పగిలింది, ప్రస్తుతానికి ఇనుప పట్టీతో బిగించాను. చేసిన వడ్రంగి ఇప్పుడు తలుపులూ కిటికీలే చేస్తున్నాడు. అడిగితే, నీలకంఠేశ్వరుడి జాతర కానీ, వస్తానన్నాడు.